మిషన్ కొనేముందు నేల చూడండి

భాద్రపదం ముగుస్తున్నా పాలమూరు వైపు వాన తెరిపి ఇవ్వడం లేదు. దక్కనీ గొర్రెల ఉన్ని తడిసి బురద పట్టి ఉంది. దసరా దాటాక కత్తిరింపు మొదలవుతుందని తెలిసి కోత మిషన్లు అమ్మేవాళ్లు అప్పుడే ఊళ్ల మీద పడ్డారు. రోజుకు ఎన్ని జీవాలు కోయవచ్చో చెబుతారు గానీ, ఆ లెక్కలో జీవాన్ని పట్టి తెచ్చే సమయం ఉండదు. మిషన్ తగ్గించేది కోతకు పట్టే సమయాన్నే. మనిషి నడుము విరిగేది ముప్పై కిలోల జీవాన్ని దొడ్డి ఆ చివరి నుంచి ఈడ్చుకొచ్చే దగ్గర. అలసిన చేతిలోనే కత్తెర చర్మంలోకి దిగుతుంది. కాబట్టి డబ్బు ముందు పెట్టవలసింది షెడ్డులో దూరం తగ్గించడానికి, నేల పొడిగా ఉంచడానికి.

కోసే చోటికి రెండు మూడు అడుగుల్లోనే చిన్న దొడ్డి ఉండాలి. అందులో గంటకు సరిపడా జీవాలనే నింపాలి. కోసినవి వేరే తడిక గుండా బయటికి పోవాలి. వచ్చేవీ పోయేవీ ఒకే దారిలో ఎదురుపడితే తొక్కిసలాట తప్పదు. తాండూరు బండలు పరిస్తే శుభ్రంగా కనిపిస్తాయి కానీ, తడి తగిలితే మనిషీ జారతాడు, జీవమూ జారుతుంది. కోసే చోట గరుకు చెక్క పలకలు వేసి, వాన నీరు లోపలికి రాకుండా నేల ఎత్తు చేయడం మేలు. వెలుతురు పక్క నుంచి పడాలి. మిషన్ వాడేవారు కరెంటు వైరు పైనుంచి వేలాడదీసి, షాక్ తగిలితే ఆగిపోయే స్విచ్ తప్పక పెట్టించాలి. మట్టి పట్టిన ముతక ఉన్నిలో బ్లేడు త్వరగా మొద్దుబారి వేడెక్కుతుంది, ఆ వేడికి చర్మం కాలుతుంది.

ఉన్నికి ధరే లేనప్పుడు ఈ ఖర్చు ఎందుకని అడుగుతారు. నిజమే, ఉన్ని అమ్మిన డబ్బుతో షెడ్డు ఖర్చు రాదు. కానీ గాటులో ఈగలు వాలి పురుగు పడితే నష్టపోయేది ఉన్ని కాదు, జీవం. పైగా కొత్త కట్టడం అక్కర్లేదు. ఉన్న కొట్టంలో ఒక మూల, నాలుగు తడికలు, కొన్ని పలకలు చాలు. కోసిన రోజే గోమార్ల మందు పిచికారీ చేయమని దుకాణదారు చెబితే వినకండి. పచ్చి గాట్ల మీద ఆ మందు మంట పెడుతుంది, ఒంట్లోకీ దిగుతుంది. గాటుకు టింక్చర్ అయొడిన్ రాసి, రెండు వారాలు ఆగి, మంద మీద గోమార్లు నిజంగా కనిపిస్తేనే కొట్టండి. తడి ఉన్ని మాత్రం కోయవద్దు, పది రోజులు ఆలస్యమైనా మునిగిపోయేదేమీ లేదు.

గోమార్ల మందులాగే పంటల మందూ పురుగును చూశాకే కొట్టాలి. వరిలో దుబ్బు మొదట్లో దోమ చూడకుండా పైపైన మందు కొట్టడం దండగ. పత్తిలో లింగాకర్షక బుట్టకు రోజుకు 8 గులాబీ రంగు పురుగు తాలూకు రెక్కల పురుగులు వరుసగా మూడు రోజులు పడితేనే మందు జోలికి వెళ్లండి.