తాతగారి వెయ్యి నోటు

ప్రశ్న: మా తాతగారి ట్రంకుపెట్టెలో పాత వెయ్యి రూపాయల నోటు దొరికింది. అమెరికా వెయ్యి డాలర్ల నోటులాగే దీనికీ మంచి ధర వస్తుందంటున్నారు. నిజమేనా? – ఒక పాఠకుడు, తనకల్లు

జవాబు: ముందు నోటు వెనక్కి తిప్పి చూడండి. తంజావూరు బృహదీశ్వరాలయం కనిపిస్తే అది 1978 జనవరిలో రద్దయిన పాత నోటు. సేకర్తలు వెతికేది దాన్నే. ముందువైపు గాంధీగారి బొమ్మ ఉంటే 2016లో రద్దయిన నోటు. అలాంటివి కోట్లలో అచ్చయ్యాయి, పెద్ద ధర ఆశించకండి.

అమెరికా సంగతి వేరు. అక్కడ 500 నుంచి 10,000 డాలర్ల దాకా పెద్ద నోట్లను 1969లో జారీ చేయడం మానేశారు గానీ రద్దు చేయలేదు. అక్కడి మాజీ అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ బొమ్మ ఉన్న వెయ్యి డాలర్ల నోటు ఈనాటికీ కనీసం వెయ్యి డాలర్లు చేస్తుంది. మీ నోటుకు అలాంటి పునాది ధర లేదు, సేకర్త ఇచ్చిందే విలువ. ఆ విలువ కాగితం స్థితిని బట్టి, గవర్నరు సంతకాన్ని బట్టి మారుతుంది.

దయచేసి దాన్ని కడగకండి, ఇస్త్రీ చేయకండి, చిరుగుకు టేపు అంటించకండి. లామినేషన్ అసలే వద్దు. మడత విప్పి, సేకర్తలు వాడే పీవీసీ లేని కవర్లో పెట్టి, చెదలు చేరని చోట దాచండి.

కొంటామంటూ ముందే రుసుము అడిగేవాళ్లకు పైసా పంపకండి. పాత నోట్ల పేరుతో రిజర్వు బ్యాంకు ఎవరి దగ్గరా రుసుము వసూలు చేయదు.