సెప్టెంబరు 4, 5: రెండు తేదీలు, ఒక పాఠము

చరిత్ర పాఠములో తేదీ యనగానే పిల్లలు బెదరుదురు. దాని వెనుకనున్న మనుష్యులను చూపినచో మరువరు. అమెరికావారు తమ ఫుట్‌బాల్ ఆట తేదీలను శ్రద్ధగా స్మరింతురు. 1869 నవంబరు 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలల విద్యార్థులు ఆడిన పోటీతోనే తమ కళాశాల ఫుట్‌బాల్ ఆరంభమైనదని చెప్పుకొందురు. మనము ఆడు ఫుట్‌బాల్ వేరు. మనము తలచుకొనదగిన తేదీయు వేరు. అది 1962 సెప్టెంబరు 4.

ఆనాడు జకార్తాలో ఆసియా క్రీడల తుదిపోటీయందు భారతజట్టు దక్షిణ కొరియాను 2-1 గోల్సుతో ఓడించి స్వర్ణపతకము గెలిచెను. అవే క్రీడలలో మన తొలి పోటీయందు ఆ జట్టే మనలను 2-0తో ఓడించియుండెను. తలకు గాయమై కుట్లు పడిన జర్నైల్ సింగ్, తన రక్షణస్థానము విడిచి ముందువరుసలో ఆడి ఒక గోలు చేసెను. మరియొక గోలు పి.కె. బెనర్జీది. సికింద్రాబాదు ప్రాంతపు పేదయింటి బిడ్డ తులసీదాస్ బలరాం కూడ ఆ జట్టులోనివాడే.

ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు హైదరాబాదువారు; బడిపంతులుగా పనిచేసినవారు. 1951లో ఢిల్లీ స్వర్ణము, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్ నాల్గవ స్థానము వారి శిక్షణాఫలములే. జకార్తా నాటికే వారిని కాన్సరు పీడించుచుండెను. 1963 జూన్ 11న కన్నుమూసిరి.

జకార్తా విజయమునకు మరునాడు సెప్టెంబరు 5, డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి జన్మదినము. దానిని ఉపాధ్యాయ దినముగా జరుపుట ఆ 1962లోనే ఆరంభమయ్యెను. వారు తిరుత్తణిలో తెలుగు కుటుంబమున జన్మించి, మన వేలూరు వూరీస్ కళాశాలలో చదివి, రాష్ట్రపతియైనవారు. ఇట్లు ఇద్దరు ఉపాధ్యాయుల కీర్తి ఒకే సంవత్సరమున, వరుసగా రెండు దినములలో, దేశమునకు కనబడెను.

రహీం గారు పిల్లలకు ఒక వింత పోటీ పెట్టెడివారు. అందులో బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలెను. మొదట ఆ కాలు తడబడును. కాని ఆటలో ఒక దారి మూసుకొనిపోయినపుడు ఆ కాలే ఆదుకొనును.

తలిదండ్రులారా! వేలూరు, గుడియాత్తము వీధులలో మన పిల్లలు తమిళము చక్కగా మాటలాడుచున్నారు. అది సంతోషము, ఈ గడ్డ భాష వారికి రావలసినదే. ఆంగ్లమునకు ట్యూషను పెట్టించుచున్నారు, అదియు మంచిదే. తెలుగు మాత్రము పెక్కు ఇండ్లలో నోటిమాటగానే నిలిచిపోవుచున్నది. చదువుట, వ్రాయుట సన్నగిల్లుచున్నవి. వాడని కాలు బలము తగ్గునట్లే వ్రాయని భాషయు తగ్గును. ఒక కాలు బలపడుటకు రెండవదానిని కట్టివేయ నక్కరలేదు.

కావున మేము కోరునది స్వల్పము. దినమునకు పది పంక్తుల తెలుగు బిగ్గరగా చదివింపుడు. వారమున కొకసారి తాతయ్యకో, మేనత్తకో ఉత్తరము వ్రాయింపుడు. సాయంకాలము ఆటకు పోనిచ్చి, ఇల్లు చేరినపిదప ఆట సంగతి తెలుగులో చెప్పుమనుడు. వచ్చు సెప్టెంబరు 4వ తేదీ రాత్రి ఈ జకార్తా కథను మీ బిడ్డచేత వ్రాయింపుడు. మరునాడు బడికి తెచ్చినచో మేము దిద్దియిత్తుము. ఉపాధ్యాయ దినమున మాకు అంతకు మించిన కానుక అక్కరలేదు.