వెనక కాలు పడ్డాక ముందు కాలు ఎప్పుడు?

నా ఉద్యోగమంతా రేసు గుర్రాల వైద్యంలోనే గడిచింది. నడక, ట్రాట్, క్యాంటర్, గ్యాలప్ తప్ప గుర్రానికి ఇంకో గతి ఉంటుందని ఆలోచించే అవసరమే రాలేదు. రిటైరయ్యాక ఐస్‌లాండ్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి రాకపోకలు మొదలయ్యాయి. వాళ్లుండేది దక్షిణ తీరం వైపు, ఇంటి చుట్టూ గుర్రాల పొలాలే. అక్కడి గుర్రాలకు అయిదు నడకలు: ఫెట్ అంటే మామూలు నడక, బ్రోక్ అంటే ట్రాట్, స్టోక్ అంటే క్యాంటర్, గ్యాలప్ రెండూ. ఇవి ఏ గుర్రానికైనా ఉండేవే. ఆపైన టోల్ట్, స్కేద్ (పేస్). ఈ రెండింటివల్లే ఆ జాతికి అంత పేరు.

ఈమధ్య మనవాళ్లు చాలామంది అక్కడికి విహారానికి వెళ్తున్నారు, ఓ గంట సవారీ కూడా చేసి వస్తున్నారు. "టోల్ట్ మీద వెళ్లాం" అని వీడియో పంపుతారు. తీరా చూస్తే అది ట్రాట్. అలాంటివాళ్లకూ, గుర్రమంటే ఇష్టమున్న ఎవరికైనా పనికొస్తాయని నాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను.

1. వేగాన్ని చూసి పేరు పెట్టకండి

మెల్లగా పోతే నడక, కాస్త జోరుగా పోతే ట్రాట్, దూసుకుపోతే గ్యాలప్. రేసుకోర్సు దగ్గర ఈ లెక్క దాదాపు సరిపోతుంది. ఐస్‌లాండ్ గుర్రం దగ్గర మాత్రం బోర్లా పడుతుంది. టోల్ట్ మనిషి వడివడి నడకతో సమానంగానూ సాగగలదు, పక్కన గ్యాలప్‌లో పోతున్న ఇంకో గుర్రానికి దీటుగానూ సాగగలదు. అందుకే అక్కడి టోల్ట్ పోటీల్లో రౌతు ముందు నెమ్మదిగా నడిపించి చూపాలి, తర్వాత పోటీ బాట పొడవాటి పక్కల్లో అడుగు సాగదీసి చూపాలి, చివరికి పూర్తి వేగం చూపాలి. వేగం మారినా అడుగుల వరస, వాటి మధ్య సమానత్వం చెదరకుండా ఉన్నాయా అన్నది న్యాయనిర్ణేతలు చూసే అసలు సంగతి. మన చూపు కూడా అక్కడే ఉండాలి.

2. నాలుగు కాళ్లూ చూడాలనుకుంటే ఒక్కటీ కనిపించదు

మీకు దగ్గరగా ఉన్న పక్కనే ఎంచుకోండి. ఆ పక్క వెనక గిట్ట నేల తాకిన క్షణం పట్టుకోండి. అదే పక్క ముందు గిట్ట ఎప్పుడు తాకుతుందో చూడండి. ఈ రెంటి మధ్య ఎడమే మొత్తం కొలత. ఒక గిట్ట పడ్డప్పటి నుంచి మళ్లీ అదే గిట్ట పడేదాకా ఒక చక్రం అనుకోండి.

రెండూ కలిసి పడితే అది పేస్. వెనకది పడ్డాక సరిగ్గా సగం చక్రం తిరిగాక ముందుది పడితే అది ట్రాట్, ఎందుకంటే ట్రాట్‌లో ఎడమ వెనక కాలికి జత కుడి ముందు కాలు. పావు చక్రం తర్వాత పడితే అది నడకైనా కావాలి, టోల్టైనా కావాలి. ఆ రెంటిలోనూ వరస ఒకటే: ఎడమ వెనక, ఎడమ ముందు, కుడి వెనక, కుడి ముందు.

ఇలా చూడటం అలవాటైతే పేస్, టోల్ట్, ట్రాట్ మూడూ ఒకే గీత మీద మూడు చోట్లని అర్థమవుతుంది. ఒక కొసన పేస్, మరో కొసన ట్రాట్, నడిమధ్యన టోల్ట్. చాలా గుర్రాలు ఈ గీత మీద ఎక్కడో అక్కడ, సరిగ్గా గుర్తు మీద కాకుండా కాస్త ఇటో అటో నిలబడతాయి.

3. నడకనూ టోల్ట్‌నూ విడదీసేది నేల

వరస ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడుంది? ఏ క్షణాన ఎన్ని కాళ్లు నేల మీద ఉన్నాయన్న దాంట్లో ఉంది. నడకలో ఎప్పుడూ రెండో మూడో కాళ్లు నేల మీద ఉంటాయి. మంచి టోల్ట్‌లో ఒకటి, రెండు, ఒకటి, రెండు. నాలుగూ గాల్లో ఉండే క్షణమంటూ రాదు. ట్రాట్, పేస్, గ్యాలప్ మూడింటికీ అలాంటి క్షణం ఉంది. ట్రాట్‌లో ఒళ్లు పైకి లేచి కింద పడుతుంది, రౌతు నడుముకు తెలిసేది ఆ పడటమే. టోల్ట్‌లో లేవడమూ లేదు, పడటమూ లేదు. అందుకే అక్కడ జాతరల్లో నిండు బీరు మగ్గు ఒక చేత్తో పట్టుకుని టోల్ట్ చేసే సరదా పోటీ పెడతారు. ఎవరి మగ్గులో ఎక్కువ మిగిలితే వాళ్లది గెలుపు.

మా అమ్మాయి వాళ్ల పొరుగు పొలంలో బూడిద రంగు ఆడగుర్రం ఒకటుంది. అది నడుస్తుంటే మెడ ముందుకు చాచి, అడుగుకో తల ఊపు ఊపుతుంది. యజమానురాలు జీనులో కాస్త నిటారుగా కూర్చుని పగ్గాలు అందుకోగానే తుంటి కొద్దిగా కిందికి దిగుతుంది, మెడ పైకి లేస్తుంది, ముందు మోకాళ్లు ఎత్తుగా మడుస్తుంది. తోక మొదలు నుంచి కొస దాకా అలలాగా కదలడం మొదలెడుతుంది. ఆమె భుజాలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. గుర్రం ఒళ్లంతా పనిచేస్తుండగా పైన మనిషి కదలకుండా ఉండటం, ఇదే టోల్ట్‌కు దూరం నుంచి కనిపించే గుర్తు.

4. ఒకసారి కళ్లు మూసుకోండి

కాస్త తాళజ్ఞానం ఉన్న తెలుగువాళ్లకు ఇది తేలిక. టోల్ట్ అంటే ఎడతెగని తకధిమి, నాలుగక్షరాలూ సమానం. క్యాంటర్ అంటే తకిట, ఆ తర్వాత ఒక ఖాళీ. గ్యాలప్‌లో నాలుగు దెబ్బలు దగ్గరదగ్గరగా పడి ఖాళీ వస్తుంది. ట్రాట్‌కూ పేస్‌కూ చెవికి వినిపించేవి రెండే దెబ్బలు. వాటిని విడదీయాలంటే కళ్లు తెరవాల్సిందే. గుర్రం ఎదురుగా వస్తున్నప్పుడు చూడండి: పేస్‌లో ఒళ్లు ఈ పక్కకూ ఆ పక్కకూ ఊగుతుంది, ట్రాట్‌లో నిటారుగా ఉంటుంది.

గడ్డి నేల మీద ఈ పాఠం పనిచేయదు. అగ్నిపర్వతపు కంకర పరిచిన గట్టి బాటైతే బాగుంటుంది. చలికాలంలో గడ్డకట్టిన సరస్సుల మీద టోల్ట్ పోటీలు పెడతారు, మేకులున్న లాడాలు కొట్టి. మంచు మీద ఒక్క దెబ్బ కూడా చెవి దాటిపోదు.

5. తప్పు ఎటు ఒరిగిందో చెప్పగలగాలి

"ఇది సరైన టోల్ట్ కాదు" అనడం ఎవరైనా అంటారు. ఎందుకు కాదో చెప్పడమే తెలివిడి. నాలుగు దెబ్బల మధ్య సమానత్వం పోయి రెండేసి జతలుగా వినిపిస్తే తాళం తప్పిందని చెవి చెబుతుంది. ఏ జత అన్నది కంటితో తేల్చాలి. ఒకే పక్క కాళ్లు దగ్గరపడుతుంటే పేస్ వైపు ఒరిగింది. ఐమూలగా ఉన్న కాళ్లు దగ్గరపడుతుంటే ట్రాట్ వైపు ఒరిగింది. మధ్యమధ్య క్యాంటర్ దూకుడు కలిస్తే అది మూడో రకం.

మందు కూడా దీన్నిబట్టే. పేస్ వైపు ఒరిగే గుర్రం చాలాసార్లు వీపు బిగబట్టి ఉంటుంది. దాన్ని నెమ్మదింపజేసి, వలయాల్లో తిప్పి, ట్రాట్ చేయించి వీపు వదులు చేస్తారు. ట్రాట్ వైపు ఒరిగేదానికి ముందు భాగం తేలికయ్యేలా, వెనక కాళ్లు ఎక్కువ బరువు మోసేలా కూర్చోబెడతారు. ఒకదాని మందు ఇంకొకదానికి వేస్తే రోగం ముదురుతుంది.

అన్నిటికన్నా పనికిమాలినది మెల్లగా చేసే పేస్. ఐస్‌లాండ్‌వాళ్లు లుల్ అంటారు, జర్మన్లు పంది పేస్ అని వెక్కిరిస్తారు. రౌతుకు హాయి ఉండదు, గుర్రానికి మేలు లేదు. కొత్తగా ఎక్కినవాళ్లు భయంతో ఒళ్లు బిగదీసుకుంటే గుర్రం దీంట్లోకి జారిపోవడం తరచూ చూస్తాం. వీడియోలో కాళ్లు పక్కవాటుగా కలిసి కదులుతూ మీరు సంచిలా ఊగుతున్నారంటే ఇదే.

6. అసలైన పేస్‌ను తిన్నని బాట మీదే చూడండి

స్కేద్ అంటే ఎగిరే పేస్. ఇది ప్రయాణానికి కాదు, పరుగు పందేనికి. పందెం దూరాలు 100, 150, 250 మీటర్లు. రౌతు ముందు గ్యాలప్ అందుకుని, దాంట్లోంచి గుర్రాన్ని పేస్‌లోకి దింపుతాడు. ఆ దిగే క్షణమే కష్టం. పందెం మధ్యలో గ్యాలప్‌లోకి జారితే ఆ పరుగు లెక్కలోకి రాదు. సరిగ్గా దిగితే ఒక పక్క కాళ్లు రెండూ బారెడు చాచుకుని, నేలకు తగలకుండా గాల్లో తేలిపోవడం స్పష్టంగా కనిపిస్తుంది. 250 మీటర్లను మేటి గుర్రాలు 21, 22 సెకన్లలో దాటేస్తాయి. వెనక గిట్ట ముందు కాలికి తగిలే ప్రమాదం ఉంది కాబట్టి ముందు కాళ్లకు రక్షణ తొడుగులు వేస్తారు. వైద్యుడిగా నా కళ్లు ముందు వాటి మీదే పడతాయి.

7. పుట్టుకతో వచ్చింది ఏది, నేర్పింది ఏది?

2012లో స్వీడన్‌లోని ఉప్సల విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు, లైఫ్ అండర్సన్ బృందం, డీఎంఆర్‌టీ3 అనే జన్యువులో ఒక మార్పును పట్టుకుని నేచర్ పత్రికలో ప్రకటించారు. వెన్నుపాములో కాళ్ల కదలికను సమన్వయపరిచే నాడీకణాలకు సంబంధించిన జన్యువది. ఆ మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తే గుర్రానికి పేస్ వచ్చే అవకాశం ఎక్కువ. ఒక్క వైపు నుంచే వస్తే సాధారణంగా పేస్ ఉండదు కానీ టోల్ట్ ఉంటుంది, ట్రాట్, క్యాంటర్ మెరుగ్గా ఉంటాయి. అయిదు నడకలున్నదాన్ని అక్కడ ఆల్‌హ్లిదాహెస్తుర్ అంటారు, పేస్ లేనిదాన్ని క్లౌర్‌హెస్తుర్ అంటారు. రెండోది తక్కువ జాతి కాదు, వేరే రకం. 2016లో పాత ఎముకల్లోని డీఎన్ఏ పరిశీలించినవాళ్లకు ఇదే మార్పు ఇంగ్లండ్‌లోని యార్క్‌లో దొరికిన 9వ శతాబ్దం నాటి గుర్రాల్లో కనిపించింది. వైకింగులు అక్కడి నుంచే ఐస్‌లాండ్‌కు తెచ్చి ఉంటారని వాళ్ల అంచనా.

జన్యువు తలుపు తీస్తుంది, అంతే. పొలంలో తల్లి వెంట పరుగెత్తే పిల్ల ఏ గతిలోకి ఇష్టంగా వెళ్తుందో చూస్తే దాని మొగ్గు తెలుస్తుంది. కానీ ఆ మొగ్గు, మనిషిని వీపున మోస్తూ నిలకడగా చేసే టోల్ట్‌గా మారడానికి ఏళ్లు పడుతుంది. అక్కడ సుమారు నాలుగేళ్లు నిండేదాకా జీను వేయరు. తొందరపడకపోవడమే వాళ్ల విద్యలో సగం.

8. కాళ్లకు ఏం కట్టారో చూశాకే మెచ్చుకోండి

ముందు కాళ్లకు కాస్త బరువైన తొడుగులు కడితే పేస్ వైపు ఒరిగే గుర్రం కూడా నాలుగు దెబ్బలు విడివిడిగా వేయగలుగుతుంది, కాలెత్తు కూడా పెరుగుతుంది. అందుకే అంతర్జాతీయ పోటీ నిబంధనల్లో తొడుగు బరువుకు 250 గ్రాముల పరిమితి పెట్టారు. రెండు గుర్రాలను పోల్చేటప్పుడు లాడం, తొడుగు, నేల, రౌతు ఈ నాలుగూ సమానమా అని అడగండి. సమానం కాకపోతే మీరు పోలుస్తున్నది గుర్రాలను కాదు, సరంజామాను.

9. వాళ్ల కొలతతోనే తూచండి

ఐస్‌లాండ్‌లో సంతానానికి వాడే గుర్రాలకు ఒక్కో నడకకూ విడిగా 5 నుంచి 10 దాకా మార్కులు వేస్తారు. పేస్ లేనిదానికి పేస్‌లో 5 వస్తుంది. సున్నా వేయరు. ఒకదాంట్లో వెనకబడ్డా మిగతావాటిలో మెరిస్తే దాని విలువ దానిదే. ఇతర జాతుల దగ్గరికి వెళ్లినప్పుడూ ఈ నిదానం ఉండాలి. మన దేశంలో మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలకు రెవాల్ అనే కుదుపులేని నడక ఉంది. దక్షిణ అమెరికా, కరేబియన్ వైపు పాసో ఫీనో పొట్టి అడుగులు వేగంగా వేస్తుంది, అమెరికా సంయుక్త రాష్ట్రాల టెన్నెసీ వాకర్ తల ఊపుతూ పొడవాటి అడుగు వేస్తుంది. వీటన్నిటి దగ్గరా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: వెనక కాలు పడ్డాక అదే పక్క ముందు కాలు ఎప్పుడు? జవాబు వచ్చాక ఎత్తు, పొడవు, వేగం పోల్చుకోవచ్చు.

10. వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక, ఒక ఉపాయం

ఐస్‌లాండ్‌లోకి బయటి గుర్రాలను రానివ్వరు. దేశం దాటిన గుర్రం మళ్లీ తిరిగి రాకూడదు, ప్రపంచ పోటీల్లో బంగారు పతకం గెలిచినా సరే. బయటి రోగాలకు అక్కడి గుర్రాలు ఎదురొడ్డలేవని ఈ కట్టుదిట్టం. కాబట్టి ఇక్కడ గుర్రాల దగ్గర వాడిన జీను, కళ్లెం, చేతితొడుగులు పట్టుకెళ్లకండి. అక్కడ అద్దెకు దొరికేవి వాడుకోండి.

ఇక ఉపాయం. అందరి జేబులోనూ స్లో మోషన్ తీసే ఫోన్ ఉంది. గుర్రం పక్కగా వెళ్తున్నప్పుడు ఫోన్‌ను దాని మోకాలి ఎత్తులో కదలకుండా పట్టుకోండి. రెండు మూడు పూర్తి చక్రాలు చాలు. తర్వాత ఒక్కో ఫ్రేమూ జరుపుతూ, వెనక గిట్ట పడ్డప్పటి నుంచి అదే పక్క ముందు గిట్ట పడేదాకా లెక్కపెట్టండి. మళ్లీ అదే వెనక గిట్ట పడేదాకా మొత్తం ఫ్రేములు లెక్కపెట్టండి. మొదటిది రెండోదాంట్లో నాలుగో వంతుకు దగ్గరగా ఉండి, నాలుగు కాళ్లూ గాల్లో ఉన్న ఫ్రేము ఒక్కటీ లేకపోతే, ఒక్క కాలి మీదే ఆనిన ఫ్రేములు కనిపిస్తే, అది టోల్టే. ఎవరు ఏ పేరు పెట్టినా లెక్క మారదు. ముందు లెక్క తేల్చుకోండి, పేరు తర్వాత పెట్టుకోవచ్చు.