మొదటి కెమెరా కొనబోయే విద్యార్థికి

డీఎస్‌ఎల్‌ఆర్ అంటే ఒక బాడీ, దానికి బిగించి విప్పుకునే ఒక లెన్సు. లెన్సులోంచి వచ్చిన వెలుగు లోపల ఏటవాలుగా ఉన్న అద్దం మీద పడి పైకి మళ్లి, కన్ను ఆనించిన వ్యూఫైండర్‌కు చేరుతుంది. బటన్ నొక్కగానే అద్దం లేస్తుంది, షట్టర్ తెరుచుకుంటుంది, వెనకున్న సెన్సర్ మీద బొమ్మ పడుతుంది. అప్పుడు వినిపించే 'టక్' చాలావరకు అద్దం లేచి పడే చప్పుడే. 2003లో కానన్ 300డి వచ్చేదాకా ఈ రకం డిజిటల్ కెమెరా మామూలు ఇంటికి అందే వస్తువు కాదు. 2018 నుంచి కానన్, నికాన్ రెండూ అద్దం లేని కెమెరాల వైపు గట్టిగా మళ్లాయి. 2020 తర్వాత ఈ రెండింటిలో ఏదీ కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ మోడల్ తేలేదు. దీన్ని చూసి బెంగపడాల్సిన పని లేదు. మంచి స్థితిలో ఉన్న కెమెరాలను చాలామంది అమ్ముకుంటున్నారు, హైదరాబాద్ నల్లకుంటలో గది అద్దె కట్టుకుంటూ ఉస్మానియా యూనివర్సిటీలో చదివే విద్యార్థికి అది కలిసొచ్చే సంగతే.

కొనేముందు తేల్చుకోవాల్సింది ఏ కంపెనీ అన్నది కాదు, ఏం తీయాలన్నది. విద్యానగర్ నుంచి తార్నాక దాకా ఒక రోజు నడిస్తే ఎన్ని రకాల ఫొటోలకు ఎన్ని రకాల లెన్సులు కావాలో అర్థమవుతుంది. నల్లకుంట సందులో ఎదురుగా ఇల్లు, వెనక గోడ, మధ్యలో పట్టుమని పది అడుగుల జాగా ఉండదు. క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ భవనం ముందు జాగాకు కరువే లేదు, కానీ భవనం అంత పెద్దది. టాగోర్ ఆడిటోరియంలో నాటకం వేస్తుంటే వెలుగు చాలదు. చెట్టు చిటారు కొమ్మన పికిలిపిట్ట దగ్గరికి పోతే ఎగిరిపోతుంది. ఒకే లెన్సు వీటన్నిటినీ మోయలేదు. ఎక్కువ రోజులు ఏది తీస్తారో దానికే మొదటి డబ్బు పెట్టాలి.

బాడీ గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. కానన్ 1500డి, నికాన్ డి3500 రెండూ 2018లో వచ్చినవి, రెండూ 24 మెగాపిక్సెళ్లవి. పత్రికలో పేజీ నిండా అచ్చు వేయడానికి అంతకు మించి అవసరం లేదు. డి3500 బ్యాటరీతో కలిపి 415 గ్రాములే, ఒకసారి ఛార్జి చేస్తే కంపెనీ లెక్కలో 1550 ఫొటోలు తీస్తుంది. 1500డి 475 గ్రాములు, ఛార్జికి 500 ఫొటోలు. రెండింటిలోనూ బయటి మైకు తగిలించే చోటు లేదు. ఇంటర్వ్యూలు, షార్ట్ ఫిల్ములు తీయాలనుకునేవారు ఒక మెట్టు పైనున్న కానన్ 200డి మార్క్ 2 గానీ, నికాన్ డి5600 గానీ చూడాలి. వాటికి మైకు పెట్టుకోవచ్చు, తెర కూడా పక్కకు తిరుగుతుంది. వీడియోనే ప్రధానమైతే డీఎస్‌ఎల్‌ఆర్ మానుకుని అద్దం లేని కెమెరా కొనడమే మేలు.

కానన్ 3000డి చౌకగా దొరుకుతుంది గానీ వద్దు. అందులో లెన్సు బిగించే రింగు లోహం కాదు, ప్లాస్టిక్. కళ్లద్దాల పవరును బట్టి వ్యూఫైండర్‌ను సరిచేసుకునే చక్రం కూడా లేదు. కళ్లజోడు తీసి చూసే పిల్లలకు అదొక్కటే చాలు, ఫోకస్ పడిందో లేదో తెలియక ప్రతి ఫొటోకీ తడబడడానికి.

ఈ తరగతి కెమెరాలన్నిటికీ ఒక గుణం ఉంది, ముందే తెలిసుంటే మంచిది. వ్యూఫైండర్‌లో కనిపించేది బొమ్మలో 95 శాతమే. నల్లకుంట సందులో మేడ మీది తులసికోటను ఎంతో శ్రద్ధగా ఫ్రేములో పెట్టి తీస్తే, తీరా చూసేసరికి అంచున కరెంటు తీగ ఒకటి దూరి ఉంటుంది. తీసేటప్పుడు అది కంటికి కనబడలేదు, సెన్సర్‌కు కనబడింది. తీసిన వెంటనే తెర మీద నాలుగు అంచులూ చూసుకోవడం మొదటి రోజు నుంచే అలవాటు కావాలి.

అసలు డబ్బు పెట్టాల్సింది లెన్సు మీద. బాడీ నాలుగైదేళ్లకు పాతబడుతుంది, మంచి లెన్సు బాడీలు మారినా చేతిలో మిగులుతుంది. నికాన్ లెన్సులు బిగించే ఎఫ్ మౌంట్ 1959 నాటిది, కానన్ ఈఎఫ్ మౌంట్ 1987 నాటిది. ఆ లెన్సులు అడాప్టర్ పెట్టుకుంటే ఇవాళ్టి అద్దం లేని కెమెరాల మీద కూడా పనిచేస్తాయి.

కెమెరాతో పాటు వచ్చే 18-55 ఎంఎం కిట్ లెన్సును తీసిపారేయకూడదు. 18 దగ్గర పెడితే ఆర్ట్స్ కాలేజీ ముఖభాగం మొత్తం ఫ్రేములోకి వస్తుంది. 1939లో ప్రారంభమైన ఆ గులాబీ రంగు గ్రానైటు భవనం, ఎండ ఏటవాలుగా పడే వేళ చూడాలి. కమానుల నీడలు లోపలికి జారి రాతి చెక్కడం లేచి నిలబడినట్టుంటుంది. అటువంటి వెలుగులో కిట్ లెన్సును ఎఫ్/8 దగ్గర పెట్టి తీసిన ఫొటోకు, దానికి పదింతలు ధర పలికే లెన్సుతో తీసిన దానికి తేడా చెప్పడం కష్టం. కిట్ లెన్సు బలహీనత వెలుగు చాలని చోట బయటపడుతుంది. 55 దగ్గర దాని అపర్చర్ (వెలుగు లోపలికి వచ్చే కన్నం) ఎఫ్/5.6 కన్నా పెద్దగా తెరుచుకోదు; ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే కన్నం అంత పెద్దది.

అక్కడ 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు అవసరం తెలుస్తుంది. ఎఫ్/5.6 కంటే ఎఫ్/1.8 దాదాపు పదిరెట్ల వెలుగును లోపలికి వదులుతుంది. ఆడిటోరియంలో కిట్ లెన్సుతో సెకనులో 15వ వంతు షట్టర్ పెట్టాల్సి వస్తే, దీనితో 150వ వంతు దగ్గర పెట్టవచ్చు. మొదటి దాంట్లో నటుడి చెయ్యి పొగలా సాగిపోతుంది, రెండో దాంట్లో వేళ్లు వేళ్లుగా కనిపిస్తాయి. బతుకమ్మ రాత్రి వీధిలో ఆడేవాళ్ల ముఖాలు, పెళ్లిలో తలంబ్రాలు, మార్కెట్లో బల్బు కింద కూరగాయలమ్మే అవ్వ, ఇవన్నీ ఈ లెన్సు చేయగల పనులు. కానన్‌లో 2015లో వచ్చిన 50 ఎస్‌టీఎం, ఆ కంపెనీ లెన్సుల్లో అతి చౌకైన వాటిలో ఒకటి.

అయితే ఒక చిక్కుంది. ఈ కెమెరాల సెన్సర్ పాత 35 ఎంఎం ఫిల్ము కంటే చిన్నది కాబట్టి బొమ్మ దగ్గరికి లాగినట్టు వస్తుంది. కానన్‌లో 1.6 రెట్లు, నికాన్‌లో 1.5 రెట్లు. అంటే కానన్ మీద 50 లెన్సు 80లా ప్రవర్తిస్తుంది. ముఖానికి బాగుంటుంది, ఇరుకు గదిలో మాత్రం వెనక గోడకు వీపు ఆనినా మనిషి నిలువునా పట్టడు. హాస్టల్ గదులు, వంటిళ్లు, సందులు తీసేవారికి నికాన్‌లో 35 ఎంఎం ఎఫ్/1.8 డీఎక్స్ సరైనది. కంటికి కనిపించే చూపుకు దగ్గరగా, 52లా ఉంటుంది. కానన్‌లో 24 ఎంఎం ఎఫ్/2.8 ఆ స్థానంలో నిలుస్తుంది. అలాంటివారు ఒక్క లెన్సే కొనగలిగితే, బాడీని బట్టి ఈ రెండింటిలో ఒకటి కొనాలి.

పిట్టలకు, ఆటల పోటీలకు కానన్‌లో 55-250, నికాన్‌లో 70-300 సరిపోతాయి, అదీ పగటి వెలుగులో. వాటిని మొదటి ఏడాదే కొనక్కర్లేదు. నెలలో రెండు రోజులు అవసరమైతే అద్దెకు తెచ్చుకోవచ్చు.

నికాన్ కొనేవారు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. డి3500, డి5600 బాడీల్లో ఫోకస్ తిప్పే మోటారు లేదు. లెన్సు పేరులో ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పి అని ఉందా చూడాలి; లెన్సులోనే మోటారు లేకపోతే ఆటో ఫోకస్ పనిచేయదు. పాత 50 ఎంఎం ఎఫ్/1.8డి చౌకగా చూపించి దుకాణదారు మురిపించవచ్చు. అది బిగుస్తుంది, ఫొటో కూడా పడుతుంది, కానీ ఫోకస్ చేత్తోనే తిప్పుకోవాలి.

సెకండ్ హ్యాండ్ కెమెరా అయితే కోఠిలోనో ఆబిడ్స్‌లోనో చేత్తో పట్టుకు చూశాకే కొనాలి. లెన్సు వెనక నుంచి ఫోన్ టార్చి వేసి ముందు నుంచి చూస్తే, సాలెగూడులాంటి సన్నని దారాలు కనిపించాయంటే అది ఫంగస్. ఎంత తగ్గించినా వద్దు. ఎఫ్/16 దగ్గర పెట్టి తెల్లగోడ ఫొటో తీస్తే సెన్సర్ మీది దుమ్ము నల్లచుక్కలుగా తేలుతుంది. దుమ్ము తుడిపించవచ్చు, గీత పడితే మాత్రం బాగుపడదు. నికాన్ ఫొటో ఫైలులోనే షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో నమోదై ఉంటుంది. కానన్‌లో అది అంత సులువుగా బయటపడదు, కాబట్టి బటన్ల అరుగుదల, పట్టు దగ్గర రబ్బరు తెల్లబడడం చూసి అంచనా వేయాలి. పాత బిల్లు మీది నంబరు, కెమెరా మీది నంబరు ఒకటే కావాలి. బిల్లు లేదంటే అక్కడితో బేరం ముగిసినట్టే.

వానాకాలంలో కెమెరాను తోలు సంచిలో పెట్టి అలమరలో మూసేస్తే ఫంగస్‌ను పెంచినట్టే. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో నాలుగు సిలికా జెల్ పొట్లాలు చాలు. అంతకంటే మంచి మందు, వారానికి రెండుసార్లయినా బయటికి తీసి వాడడం.

కొత్త కెమెరా చేతికొచ్చాక వందల ఫొటోలు తీసి ఒక్కటీ మళ్లీ చూడకపోవడం చాలామంది చేసే పొరపాటు. ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ గాజు పలకల మీద తీసేవాడు. ఒక్కో పలకకు ఒక్కటే ఫొటో, కాబట్టి నొక్కేముందే అంతా చూసుకోవాల్సి వచ్చేది. కెమెరా కొన్న మొదటి నెల కిట్ లెన్సును 35 దగ్గర కదలకుండా ఉంచి, రోజుకు 24 ఫొటోలకు మించకుండా తీయాలి. రాత్రికి వాటిలో ఒకటి ఎంచి, ఎందుకు నచ్చిందో, షట్టర్, అపర్చర్ ఎంతో ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. రెండో లెన్సు ఏది కొనాలో ఆ నోటుబుక్కే చెబుతుంది. అది నిండేదాకా డబ్బు బ్యాంకులోనే ఉండనివ్వు, నాయనా.