బండిచక్రం - 'పై' విలువ

వ్యాసార్థాన్ని రెట్టింపు చేసి 'పై'తో గుణిస్తే వృత్త పరిధి వస్తుంది. పరీక్షలో మనకిది రెండు మార్కుల ప్రశ్న. కమ్మరికి మాత్రం అన్నం పెట్టే లెక్క.

వ్యాసార్థం 28 అంగుళాలున్న బండిచక్రాన్ని తీసుకుందాం. వ్యాసం 56. 'పై' 22/7 అయితే పరిధి 176 అంగుళాలు. ఉజ్జాయింపుగా 3 అనుకుంటే 168 మాత్రమే. ఇనుప పట్టాను కాస్త బిగువుగానే చేసి, కాల్చి, వ్యాకోచించాక చక్రానికి తొడుగుతారు. కాని ఎంత కాల్చినా 8 అంగుళాలు సాగదు గదా! ఇనుమూ బొగ్గూ రెండూ దండగే.

క్రీ.శ. 499లో ఆర్యభటుడు 20,000 వ్యాసానికి పరిధి 62,832 అన్నాడు. అంటే 'పై' 3.1416. దాన్ని కూడా ఆయన 'ఆసన్నం', అనగా దగ్గరి విలువ అనే చెప్పాడు. 'పై' కరణీయ సంఖ్య. ఏ భిన్నమూ దానికి సరిగ్గా సమానం కాదు.

కనుక మిత్రులారా, 22/7 బండికి చాలు. అదే 'పై' అని మాత్రం రాయకండి!