ముందు ఆకు తిప్పి చూడండి

తోటపని ఓర్పు నేర్పుతుందని అంటుంటారు. విత్తనం వేయడం, నీళ్ళు పోయడం, ఎదురుచూడటం, ఓ పొద్దున పువ్వు పూయడం. ఇంత సాఫీగా సాగే తోటను ఆ మాట అన్నవాళ్ళు ఎక్కడ చూశారో గానీ, ఫాల్గుణ చైత్రాల్లో హైదరాబాదులో ఏ మిద్దె మీదకైనా ఎక్కి చూడండి, వట్టి ఓర్పుతో పని జరగదని తెలిసిపోతుంది. బెండ ఆకుల ఈనెలు పసుపెక్కుతుంటే ఓర్చుకుని కూర్చున్నవాళ్ళు పక్కనున్న బెండ మొక్కల్నీ పోగొట్టుకుంటారు. సొర తీగకి పూలు రాలుతున్నాయని కంగారుపడి మందు కొట్టినవాళ్ళు నిక్షేపంలాంటి తీగని పాడుచేసుకుంటారు. ఒకచోట ఆగకూడదు, ఇంకోచోట చేయి పెట్టకూడదు. ఏది ఎక్కడో పోల్చుకోవడంలోనే తోటపని అంతా ఉంది. మనుషుల మధ్య నెగ్గుకు రావడం కూడా చాలావరకు అదేనని నా అభిప్రాయం.

మన వసంతం కావ్యాల్లో వర్ణించినంత చల్లగా ఉండదు. వేప పూత, మామిడి పిందె, మల్లె మొగ్గ అన్నీ ఉగాదికి అటూ ఇటూగా ఒక్కుమ్మడిగా వస్తాయి. వాటి వెనకాలే ఎండ. డిసెంబరు, జనవరి నెలల్లో ఆకు దూసి కొమ్మలు కత్తిరించిన మల్లెపొద ఫిబ్రవరిలో చిగురు వేసి మార్చికి మొగ్గ తొడుగుతుంది. మల్లె పూసేది కొత్త రెమ్మకి. కత్తెర వేయడానికి మనసొప్పక వదిలేసిన పొద గుబురుగా పెరుగుతుంది, పూలు మాత్రం అంతంతమాత్రం. కరివేపాకు చలికాలంలో ఆకు రాల్చేసి ఇప్పుడు ఒక్కసారిగా పచ్చబడుతుంది. సరిగ్గా అదే సమయంలో కొత్తిమీర, పాలకూర కాడ లేచి పూతకొస్తాయి, ఇక వాటి కాలం అయిపోయినట్టే. పిండినల్లి, తెల్లదోమ, తామర పురుగు సంబరాలు చేసుకునేదీ ఈ రోజుల్లోనే. పొద్దున మందారం చూసి మురిసిపోయిన మనిషే సాయంత్రం మిరప మొక్క ముందు తల పట్టుకుంటారు.

మార్చి వచ్చిందంటే మిద్దెతోటల వాళ్ళు నలుగురు కలిసిన చోట ఒక ఫిర్యాదు ఖాయం: “సొర పూలన్నీ రాలిపోతున్నాయండీ, ఒక్క పిందె నిలవట్లేదు.” ఆ వెంటనే సలహాలు. ఒకరు ఇంగువ నీళ్ళంటారు, ఒకరు పుల్లమజ్జిగంటారు, కాస్త చదువుకున్నవారు బోరాన్ అంటారు. పాపం ఫిర్యాదు చేసినావిడ అన్నీ పోస్తుంది. వారం పది రోజుల్లో పిందెలు కనబడతాయి. ఇంగువకి పేరొస్తుంది.

జరిగిందేమిటంటే, సొర, బీర, గుమ్మడి లాంటి తీగలకి మగ పూలు వేరు, ఆడ పూలు వేరు. సాధారణంగా ముందు వచ్చేవి మగవే. ఒక పూట విచ్చుకుని రాలిపోవడమే వాటి పని. ఆడ పువ్వుని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు, రేకుల కింద బుల్లి సొరకాయే ఉంటుంది. మగ పువ్వుకి వట్టి కాడ. రాలిన పువ్వుని ఒక్కదాన్ని చేతిలోకి తీసుకుని చూసి ఉంటే ఈ హడావుడంతా ఉండేది కాదు. ఎటూ రాబోయే ఆడ పూలు వచ్చాయి, వాటికి ముందు మనం పోసినది కారణమైపోయింది. మనం గట్టిగా పట్టుకున్న జీవిత సూత్రాల్లో కొన్నయినా ఇలా పుట్టినవేనేమో ఒకసారి సరిచూసుకోవచ్చు. “నేను గట్టిగా అరిచాకే వాడు దారికొచ్చాడు” అనే తండ్రులు చాలామంది ఉంటారు. వాడు అప్పటికే దారిలో ఉన్నాడా అన్నది ఎవరూ అడగరు.

ఆడ పూలు వచ్చాక కూడా పిందె పసుపెక్కి రాలుతుంటే అది వేరే కథ. మూడో అంతస్తు, నాలుగో అంతస్తు మిద్దెల మీదకి తేనెటీగల రాకపోకలు తక్కువ. పుప్పొడి అందక పిందె ఎండిపోతుంది. అప్పుడు మనమే మగ పువ్వు కోసి, రేకులు తుంచేసి, ఆడ పువ్వు మధ్యనున్న జిగట మొనకి పుప్పొడి తాకించాలి. ఇది చాలామందికి తెలుసు. తెలియనిది వేళ. గుమ్మడి, దోస పూలు తెల్లవారుతూనే విచ్చుకుంటాయి. సొర, బీర పూలు సాయంత్రం పొద్దువాలే వేళకి. పొద్దున్నే కాఫీ తాగి తీరిగ్గా బీర తీగ దగ్గరికి వెళ్ళినవారికి ముడుచుకున్న పూలే కనిపిస్తాయి, ఎంత శ్రద్ధగా పుప్పొడి రాసినా లాభం లేదు. ఇంట్లో ఒక కష్టమైన మాట ఎత్తాల్సి వచ్చినప్పుడు ఏం మాట్లాడాలో పదిసార్లు నెమరేసుకుంటాం. ఎప్పుడు మాట్లాడాలో ఒక్కసారీ ఆలోచించం. ఇదే మార్చిలో పరీక్ష రాసి గుమ్మంలోకి వచ్చిన పిల్లకి ఇంకా చెప్పులు విడవకముందే “ఎన్నొస్తాయి?” అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఆ ప్రశ్నలో తప్పు లేదు. అన్నం తిని, ఓ కునుకు తీశాక అడిగితే ఆ పిల్లే తనంతట తాను అన్నీ చెబుతుంది.

పిందె మీద సన్నటి పొడిచిన గాటు ఉండి, అక్కడి నుంచి కుళ్ళిందంటే మూడో సంగతి. అది పండు ఈగ పని. పిందె పట్టగానే పలచటి గుడ్డ సంచి తొడగడం, రాలినవాటిని కుండీలో వదలకుండా ఏరిపారేయడం, ఎర బుట్టలు కట్టడం తప్ప ఇంగువ చేసేదేమీ లేదు. పైకి మూడింట్లోనూ కనిపించేది ఒకటే, పిందె నిలవకపోవడం.

మిరపలో ఇది మరీ స్పష్టం. ఆకు ముడుచుకుపోతే మనబోటివాళ్ళం ‘ముడత’ అని ఒక్క మాటతో సరిపెడతాం. గుంటూరు, ఖమ్మం మిర్చి రైతుని అడగండి, పై ముడతా కింది ముడతా అని ముందు ఎదురు ప్రశ్న వేస్తాడు. అంచులు పైకి తిరిగి దోనెలా అయితే తామర పురుగు. కిందికి ముడుచుకుంటే నల్లి. నల్లి పురుగు జాతే కాదు, ఎనిమిది కాళ్ళతో సాలీడు కోవకి చెందిన జీవి, పురుగు మందులు చాలావరకు దాన్ని ఏమీ చేయలేవు. ఇవి రెండూ కాక తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ ముడత ఒకటుంది. ఆకు వెనక్కి తిప్పి, వీలైతే భూతద్దం పెట్టి చూడటానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం లేక ఏ డబ్బా చేతికి దొరికితే అది కొట్టేస్తాం. ఆఫీసులో ఒకతను నాలుగు రోజులుగా ఎవరితోనూ మాట్లాడకపోతే కూడా అంతే. “పొగరెక్కింది” అని ఒకరు తేల్చేస్తారు. ఇంట్లో తల్లికి ఆపరేషనో, పై అధికారి మాటకి మనసు నొచ్చుకుందో, అప్పులవాళ్ళ ఫోన్లో. మూడింటికీ మౌనమే పైకి కనిపించేది. కనుక్కోవడానికి ఒక టీ ఖర్చు.

తోటపని రచయితలకి బాగా కుదురుతుందని నాకు అనిపిస్తుంది. కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి నారపల్లిలో తన ఇంటి మీద తోట పెంచి దాని మీద పుస్తకమే రాశారు. ‘మిద్దెతోట’ అనే మాట ఇంత వాడుకలోకి రావడానికి ఆయన చేసిన ప్రచారం ఒక ముఖ్య కారణం. మనుషుల్ని గమనించడం అలవాటైన కన్ను మొక్కల దగ్గరా ఊరుకోదు మరి.

ఇక నీళ్ళ సంగతి. మధ్యాహ్నం రెండు గంటలకి వంగ, గుమ్మడి ఆకులు వాడి వేలాడటం చూస్తే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. వేరు తాగేదాని కంటే ఆకు వదిలే తేమ ఎక్కువైనప్పుడు అలా వాలతాయి. పొద్దువాలేసరికి వాటంతటవే లేస్తాయి. ఈలోపే చెంబు పట్టుకుని పరిగెత్తుతాం. మట్టిలోకి వేలు రెండు అంగుళాలు దింపితే తడి తెలుస్తుంది. తడి ఉందంటే నీళ్ళు అక్కర్లేదు. పొద్దున్నే చల్లటి వేళలో కూడా ఆకు వాలే ఉంటే అప్పుడు నిజంగా ఏదో తేడా వచ్చినట్టు. చిక్కేమిటంటే, నీళ్ళు చాలని మొక్కా, నీళ్ళు ఎక్కువై వేరు కుళ్ళిన మొక్కా ఒకేలా వాలతాయి. రెండోదానికి ఇంకో చెంబు పోస్తే ఆఖరి చెంబు పోసినట్టే. కుండీల్లో మొక్కలు ఎండి చచ్చేదాని కంటే నీళ్ళెక్కువై చచ్చేది తక్కువేమీ కాదు.

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన నిజం ఉంది. ఆ చెంబు చాలాసార్లు మొక్క దాహం కోసం లేవదు, మన గాభరా చల్లారడం కోసం లేస్తుంది. ఏదో ఒకటి చేశామన్న తృప్తి కావాలి. హాస్టల్లో చేరిన కొడుక్కి రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసి “తిన్నావా” అనే తల్లి ప్రేమని శంకించక్కర్లేదు గానీ, నాలుగో ఫోన్ ఎవరి కోసమో ఆవిడకే తెలియాలి. పని అప్పజెప్పి గంటకోసారి “ఎంతవరకు వచ్చింది” అని మెసేజి పెట్టే మేనేజరుదీ ఇదే జబ్బు. వేలు పెట్టి తడి చూసుకోవడం అనే ఆ చిన్న పని మనకీ మన గాభరాకీ మధ్య కాస్త ఎడం ఇస్తుంది. చేయి ముందుకు పోయేలోపు “ఇది ఎవరికి కావాలి, నాకా, దానికా?” అని ప్రశ్నించుకోవడం అలవాటైతే ఇంట్లో సగం గొడవలు మొదలే కావు.

పిండినల్లి దగ్గర పొరపాటుకి ఇంకా ఎక్కువ తావుంది. మందారం రెమ్మల మీద తెల్లగా పిండి చల్లినట్టు కనిపించగానే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టడం మామూలు వైద్యం. మంచిదే. ముందు పైపుతో గట్టిగా నీళ్ళు కొడితే చాలా పిండినల్లి రాలిపోతుంది. చీమల్ని అరికట్టకపోతే మళ్ళీ వస్తుంది, ఎందుకంటే పిండినల్లి వదిలే తీపి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి. అయితే ఆ తెల్లటి గుంపులో కాస్త పెద్దగా, పొడవాటి మైనపు కుచ్చులతో, చురుగ్గా తిరిగేది ఒకటి కనిపించిందంటే చేయి ఆపాలి. అది క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్ల. పిండినల్లినే తిని బతుకుతుంది, చూడటానికి అచ్చం పిండినల్లిలా ఉంటుంది. 1898లో కాఫీ తోటల్లో పొలుసు పురుగుల మీదకి వదలడానికి దీన్ని ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెప్పించారు. అంత దూరం నుంచి తెచ్చుకున్న కాపలాదారుని ఇవాళ మనం మిద్దె మీద దొంగ అనుకుని కొడుతుంటాం. అలాగని అక్షింతల పురుగులన్నీ మనవేనని నమ్మడానికీ లేదు. వంగ మీద చేరే 28 చుక్కల పురుగు ఆ కుటుంబంలోదే, శుభ్రంగా ఆకుని జల్లెడ చేసి పోతుంది. వంశం చూసి, రూపం చూసి తేల్చేయడం కుదరదు. ఏం తింటోందో కాసేపు నిలబడి చూడాలి.

ఇన్నిచోట్ల ఆగమన్నాను కదా, ఆగకూడని చోటు చెప్పకపోతే అన్యాయం. బెండ ఆకులో ఈనెలు వల అల్లినట్టు పసుపెక్కాయంటే అది పల్లాకు తెగులు. వైరస్. సోకిన మొక్కని బాగుచేసే మందు లేదు, తెల్లదోమ దాన్ని పక్క మొక్కలకి మోసుకుపోతుంది. కనిపించిన రోజే పీకి దూరంగా పారేయాలి. కానీ విత్తనం నుంచి పెంచిన మొక్క, మొన్ననే మొదటి కాయ కాసింది, ఇంకో రెండు కాయలు కోసుకుని పీకుదామనిపిస్తుంది. ఆ రెండు కాయలూ గిడసబారి, పాలిపోయి వస్తాయి, ఈలోపు వరసంతా పసుపెక్కుతుంది. నష్టమొచ్చే వ్యాపారంలో ఇంకో లక్ష పెట్టేవాళ్ళు, పాత అప్పు తీర్చడానికి ఫోన్ యాప్‌లో కొత్త అప్పు తీసుకునేవాళ్ళు ఆ రెండు కాయల కోసమే ఆగుతుంటారు. ఇలాంటి చోట ఓర్పుని మెచ్చుకోవడం నాకు ఎప్పుడూ నచ్చదు.

టమాటా దగ్గర ఇంకో రకం తెగింపు కావాలి. రాత్రిళ్ళు 24 డిగ్రీలు, పగళ్ళు 35 డిగ్రీలు దాటాయంటే టమాటా పుప్పొడి చాలావరకు పనికిరాకుండా పోయి పూత రాలిపోతుంది. హైదరాబాదులో ఏప్రిల్ వచ్చేసరికి ఇది మామూలే. చలికాలమంతా గంపలకొద్దీ కాసిన మొక్క ఇప్పుడు కాయకపోతే ఎరువు చాల్లేదేమో, తన హస్తవాసి పోయిందేమో అని మథనపడేవాళ్ళున్నారు. సగం నీడనిచ్చే పచ్చ నెట్ కట్టి, మొదలు చుట్టూ ఎండుటాకు మందంగా పరిస్తే కొన్నాళ్ళు గడుస్తుంది. ఆ పైన మొక్కలోనూ లోపం లేదు, పెంచినవాళ్ళలోనూ లేదు. కాలం దాటింది. నిన్నటిదాకా బాగా నడిచిన పద్ధతి ఇవాళ నడవనప్పుడు తనని తాను తిట్టుకునే మనిషి ముందు చుట్టూ ఎండ ఎంత ఉందో చూసుకోవాలి.

చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. మిగిలిన పచ్చికాయలు కోసి, నువ్వులు వేయించి పొడికొట్టి, పచ్చిమిరపకాయలతో పచ్చడి నూరుకోవడం. మొక్క పీకి, తెగులు లేనిదైతే ముక్కలు చేసి కంపోస్టు డబ్బాలో వేయడం. మట్టి తిరగేసి, రెండు రోజులు ఎండనిచ్చి, గుప్పెడు వేపపిండి, నాలుగు దోసిళ్ళ పశువుల ఎరువు కలిపి బచ్చలి తీగ ముక్కలు గుచ్చడం. బచ్చలికి మన ఎండతో పేచీ లేదు. ఇంకో కుండీలో తోటకూర చల్లుకుంటే నెలలోపే కోతకొస్తుంది.