అరుదైనదంతా ఖరీదైనదేనా?

"తక్కువగా దొరికేది ప్రియం, ఎక్కువగా దొరికేది చవక" అని మనం అనుకుంటూ ఉంటాం. మదనపల్లె మార్కెట్టుకు టమాటాలు లారీలకొద్దీ వచ్చినప్పుడు ధర పడిపోతుంది. సరుకు రానప్పుడు పెరిగిపోతుంది. కనుక ఈ మాట నిజమేననిపిస్తుంది. కాని అది ఎప్పుడూ నిజమేనా? సైన్సు చదివేవారు ఏ సూత్రాన్నైనా పరీక్షించనిదే ఒప్పుకోకూడదు గదా! రెండు చిన్న నాణేలతో దీన్ని పరీక్షించి చూద్దాం.

ఒకే ఊరు - రెండు నాణేలు

మొదటిది అమెరికా సెంటు. అబ్రహాం లింకన్ పుట్టి నూరేళ్లయిన సందర్భంగా 1909లో ఆయన బొమ్మతో కొత్త సెంటు వెలువడింది. దాని వెనకవైపు అడుగున, నమూనా చెక్కిన శిల్పి విక్టర్ డేవిడ్ బ్రెన్నర్ పేరులోని మూడు పొడి అక్షరాలు ఉండేవి. అవి మరీ కొట్టవచ్చినట్టు కనబడుతున్నాయని అభ్యంతరాలు రావడంతో కొద్ది రోజులకే తీసివేశారు. ఈలోగా శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలలో ఆ అక్షరాలతో తయారైన సెంట్లు 4,84,000.

రెండవది ఫిజీ అరపెన్నీ. పసిఫిక్ మహాసముద్రంలోని ఈ దీవుల పేరు తెలుగువారికి కొత్త కాదు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా అక్కడి చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలుగా వెళ్లిన దక్షిణాదివారిలో తెలుగువారు కూడా ఉన్నారు. అప్పుడు ఫిజీ బ్రిటిష్ పాలనలో ఉండేది. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌను. అంటే అరపెన్నీ పౌనులో 480వ వంతు అన్నమాట! నడుమ గుండ్రని రంధ్రం ఉన్న ఈ నాణేలు 1942లో 2,50,000, 1943లో మరో 2,50,000 తయారయ్యాయి. ఎక్కడో తెలుసా? ఆ శాన్‌ఫ్రాన్సిస్కోలోనే! ఆ ఊరి గుర్తయిన "ఎస్" అక్షరం రెండు నాణేల మీదా ఉంది.

ఇక ధరలు చూడండి. ఆ లింకన్ సెంటు బాగా అరిగిపోయినదైనా యాభై వేల రూపాయల దాకా పలుకుతుంది. 1942 అరపెన్నీ, మామూలుగా వాడినది, కొన్ని వందల రూపాయలకే వస్తుంది. సంఖ్యలో దాదాపు సగం. అయినా ధరలో దాదాపు నూరో వంతు! మన సూత్రం ఇక్కడ తలకిందులయింది. కారణం ఏమిటి?

మూడు లెక్కలు

నాణెం ధర వెనుక మూడు లెక్కలుంటాయి. ఎన్ని ముద్రించారు? ఎన్ని మిగిలాయి? ఎందరు కావాలంటున్నారు?

మొదటి లెక్క టంకశాల పుస్తకాల్లో దొరుకుతుంది. రెండవది అంత సులువు కాదు. 1918లో చేసిన ఒక చట్టం ప్రకారం అమెరికా 27 కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించింది. ఆ వెండిలో ఎక్కువ భాగాన్ని బ్రిటన్ కొన్నది, మన దేశంలో రూపాయలు ముద్రించడానికి! ఏ సంవత్సరం డాలర్లు ఎన్ని మూసలోకి వెళ్లాయో విడివిడిగా లెక్క లేదు. కనుక ముద్రించిన సంఖ్య మనకు చెప్పేది ఒక్కటే - మిగిలినవి అంతకంటె ఎక్కువ ఉండవని.

మూడవ లెక్కే అసలు కిటుకు. లింకన్ సెంట్లను వరుసగా సేకరించేవారు అమెరికాలో కోకొల్లలు. వారి ఆల్బమ్‌లో ప్రతి సంవత్సరానికీ ఒక గడి ఉంటుంది. ఆ ఒక్క గడి ఖాళీగా ఉంటే వారికి నిద్ర పట్టదు! అరపెన్నీకి అంత గిరాకీ లేదు. అంటే, కొరత ఒక్కటే ధరను నిర్ణయించదు. కొరతా గిరాకీ కలిసి నిర్ణయిస్తాయి. పదిమందీ పరుగెత్తే చోటు వదిలి పక్కకు చూసే విద్యార్థికి నిజంగా అరుదైన వస్తువు కూడా అందుబాటు ధరలో దొరుకుతుంది.

పసుపు రంగు ఎందుకు?

చవకగా వచ్చిందని ఆ నాణెం చెప్పే కథ చిన్నదేమీ కాదు. ఫిజీకి సొంత నాణేలు 1934లో మొదలయ్యాయి. అరపెన్నీ, పెన్నీ మొదట రాగి, నికెల్ కలిసిన తెల్లని మిశ్రమలోహంతో ఉండేవి. 1942, 1943 నాణేలు మాత్రం పచ్చని ఇత్తడివి. 1941 డిసెంబరులో జపాను యుద్ధంలో దిగాక పసిఫిక్ అంతా రణరంగమయింది. గట్టి ఉక్కు తయారీకి నికెల్ కావాలి. కనుక నాణేల్లోంచి నికెల్ తప్పుకుంది. మన దేశంలోనూ అంతే. 1942 నుంచి 1945 దాకా వచ్చిన అర్ధణా, అణా, బేడ నాణేలు పసుపుపచ్చగా ఉంటాయి. వాటిలో నికెల్ నామమాత్రమే. పాత నాణేలు అమ్మేవారి దగ్గర అవి ఇప్పటికీ చవకగా దొరుకుతాయి. నాణెం రంగు మారిందంటే దేశాల చరిత్రలో ఏదో జరిగిందని అర్థం.

అయస్కాంతంతో పరీక్ష

ఒక అయస్కాంతం తీసుకోండి. ఇప్పటి స్టీలు రూపాయి దానికి అంటుకుంటుంది. 1947 నాటి రూపాయి శుద్ధమైన నికెల్‌తో చేసినది, అదీ అంటుకుంటుంది. కాని మూడు వంతులు రాగి, ఒక వంతు నికెల్ ఉన్న నాణెం అంటుకోదు! నికెల్ ఉంది కదా, ఎందుకు అంటుకోదు? శుద్ధ నికెల్‌లో పక్కపక్క పరమాణువులు చిన్న అయస్కాంతాల్లా ఒకే దిక్కుకు సర్దుకుంటాయి. రాగి ఎక్కువగా కలిస్తే మామూలు ఉష్ణోగ్రత వద్ద ఆ పొందిక నిలవదు.

వెండా? కాదా?

వెండి అని అమ్మిన నాణెం వెండిదో కాదో తెలుసుకోవడానికి ఆర్కిమెడిస్ సాయం తీసుకుందాం. మీ బడి ప్రయోగశాలలో గ్రాములో నూరో వంతు చూపే త్రాసు ఉంటే చాలు.

1. నాణెం బరువు తూచండి. 11.3 గ్రాములు వచ్చిందనుకుందాం.

2. గ్లాసులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి, సున్నా చేయండి.

3. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా నీటిలో పూర్తిగా ముంచి పట్టుకోండి.

త్రాసు ఇప్పుడు కొంత బరువు చూపుతుంది. నీరు నాణేన్ని పైకి నెడుతుంది. నాణెం నీటిని అంతే బలంతో కిందికి నెడుతుంది. ఆ బరువు గ్రాముల్లో ఎంతో, నాణెం ఘనపరిమాణం మిల్లీలీటర్లలో అంత. 1.10 చూపితే సాంద్రత 11.3 ÷ 1.10 = సుమారు 10.3. నూటికి 90 వంతులు వెండి ఉన్న నాణేలకు ఇంచుమించు ఇంతే ఉంటుంది. 1.27 చూపితే సాంద్రత 8.9, అది రాగి-నికెల్ మిశ్రమం. అయితే లెక్క సరిపోయినంత మాత్రాన నాణెం అసలైనదని కాదు. లెక్క తప్పితే మాత్రం అది చెప్పిన లోహం కాదు.

తోమకండి! మోసపోకండి!

పాత రాగి నాణేన్ని చింతపండుతో తోమితే తళతళలాడుతుంది. చింతపండులోని ఆమ్లం పైనున్న ఆక్సైడు పొరను కరిగించడమే దీనికి కారణం. కాని ఆ పొర ఏళ్ల తరబడి ఏర్పడినది. లోపలి లోహానికి అది కవచం వంటిది. తోమిన నాణెం విలువ పడిపోతుంది. నాణేలను అంచులతో పట్టుకుని, పొడి కాగితపు పొట్లాల్లో దాచండి.

మరో హెచ్చరిక. "మీ పాత అయిదు రూపాయల నాణేనికి లక్షలిస్తాం, ముందు కమీషను పంపండి" అని ఫోనుల్లో ప్రకటనలు వస్తుంటాయి. తాము ఇలాంటి లావాదేవీలు చేయమనీ, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదనీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించింది. ఇలాంటి మాట ఎవరు చెప్పినా మూడు లెక్కలు అడగండి: ఎన్ని ముద్రించారు, ఎన్ని మిగిలాయి, ఎవరికి కావాలి? కోట్లలో ముద్రించి, నేటికీ ఇంటింటా ఉన్న నాణేనికి లక్షలు ఎవరిస్తారు? మీ ఇంట్లో పెద్దవాళ్లకు కూడా ఈ సంగతి చెప్పండి.

ఆలోచించండి

1. ఒక నాణెం 10,000 మాత్రమే ముద్రించారు. అయినా 50 రూపాయలకే దొరుకుతోంది. మూడు లెక్కల్లో దేనివల్ల?

2. ఫిజీ వారు రేపటి నుంచి తమ పాత నాణేలను ఉత్సాహంగా సేకరించడం మొదలుపెడితే అరపెన్నీ ధర ఏమవుతుంది? ఇప్పటికే ఉన్న అరపెన్నీల సంఖ్య మారుతుందా?

3. మీ ఇంట్లో ఉన్న నాణేలను అయస్కాంతానికి అంటుకునేవి, అంటుకోనివి అని రెండుగా విడదీయండి. వాటి మీది సంవత్సరాలు వరుసగా రాయండి. లోహం ఏ సంవత్సరంలో మారింది?